పెరటి కోళ్ల కోతకు పరికరాల ఎంపిక: పని క్రమం, నీటి వేడి, చల్లదనం ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం

పెరట్లో పెంచిన కోళ్లను కోసి, శుభ్రపరచి, మాంసంగా విక్రయించదలచిన రైతులు, మహిళా సంఘాలు సాధారణంగా మొదట కొనుగోలు చేసేది ఈకలు తీసే యంత్రాన్ని. మాంసం నాణ్యతను నిర్ణయించేవి మాత్రం ప్రధానంగా నీటి వేడి, పేగులు తీసే పద్ధతి, చల్లబరచే వేగం. ఒక రోజున 20 కోళ్లు కోసే చిన్న యూనిట్‌ను ఉదాహరణగా తీసుకొని, ప్రతి దశకు పట్టే సమయాన్ని, కావలసిన వేడిని, మంచును లెక్కించి, పరికరాలను ఏ వరుసలో సమకూర్చుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఉమ్మడిగా వాడే యంత్రాల ద్వారా వ్యాధులు వ్యాపించకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: పెరటి కోళ్లు, నాటుకోడి మాంసం, వేడినీటిలో ముంచడం, ఈకలు తీసే యంత్రం, చల్లబరచడం, జీవభద్రత

ఉపోద్ఘాతం

తెలుగు రాష్ట్రాలలో పెరటి కోళ్ల పెంపకం గ్రామీణ కుటుంబాలకు, ముఖ్యంగా మహిళలకు, చేతి ఖర్చులకు అక్కరకు వచ్చే ఆదాయ వనరు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి రకాలతో పాటు స్థానిక అసీల్ కోళ్లను కూడా రైతులు పెంచుతున్నారు. నాటుకోడి మాంసానికి పట్టణాలలో బ్రాయిలర్ మాంసం కంటే ఎక్కువ ధర లభిస్తుంది. అయితే రైతు కోడిని ప్రాణంతో దళారికి అమ్మితే ఆ అదనపు ధరలో అధిక భాగం మధ్యలోనే నిలిచిపోతుంది. కోసి శుభ్రపరచిన మాంసాన్ని నేరుగా అమ్మాలనే ఆలోచన ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ ఆలోచన ఆచరణలోకి వచ్చేటప్పుడు ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. చేతితో ఈకలు పీకడం విసుగు పుట్టించే పని కనుక, పెట్టుబడి అంతా ఈకల యంత్రంపైనే వెచ్చించడం, నీటిని మాత్రం పాత పద్ధతిలో పొయ్యిపై మరిగించడం, మాంసాన్ని గంటల తరబడి బయటి వేడిలోనే ఉంచడం కనిపిస్తాయి. యంత్రం ఉన్నా చర్మం చిరుగుతుంది, మాంసం త్వరగా వాసన పడుతుంది, కొనుగోలుదారు మరోసారి రాడు. అందువల్ల పరికరాలను విడివిడిగా కాక ఒకదానితో ఒకటి ముడిపడిన పని క్రమంగా చూడడం అవసరం.

1. ఎంపికకు ముందు తేల్చుకోవలసిన విషయాలు

మొదటిది, మాంసాన్ని చర్మంతో అమ్మాలా, చర్మం లేకుండా అమ్మాలా అన్నది. బ్రాయిలర్ దుకాణాలలో చర్మాన్ని ఈకలతో సహా ఒలిచివేయడం సర్వసాధారణం. ఈ పద్ధతికి వేడినీటి పాత్ర, ఈకల యంత్రం రెండూ అవసరం లేదు. నాటుకోడి విషయంలో మాత్రం ఈకలు పీకి, మంటపై కాల్చి, పసుపు పట్టించిన చర్మంతోనే మాంసం కావాలని అడిగేవారు ఎక్కువ. కనుక యంత్రం కొనే ముందు, కొనేవారు ఏది కోరుతున్నారో తెలుసుకోవాలి.

రెండవది, ఒక రోజున కోసే కోళ్ల సంఖ్య. ఏడాదికి ఎన్ని కోళ్లు అమ్ముతారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పని జరిగే రోజున ఎన్ని కోళ్లు కోస్తారన్నదే పరికరాల పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. పండుగలు, ఆదివారాలు ఈ సంఖ్యను పెంచుతాయి.

మూడవది, కోళ్ల రకం, వయస్సు. ఒకే వయస్సు గల వనరాజ పుంజులు దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. పెరటి మందలో మాత్రం కిలో బరువున్న పెట్ట మొదలు నాలుగు కిలోల అసీల్ పుంజు వరకు ఉండవచ్చు. ముదురు కోడి ఈకలు గట్టిగా పట్టి ఉంటాయి. ఒకే కొలతకు తయారైన పరికరం ఈ తేడాలన్నింటికీ సరిపోదు.

నాలుగవది, చట్టపరమైన పరిధి. ఇంటి వాడకానికి కోసుకోవడం వేరు, అమ్మకానికి కోయడం వేరు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వెలువడిన లైసెన్సు, రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం రోజుకు 50 కోళ్లు, అంతకు లోపు కోసే యూనిట్లు చిన్న ఆహార తయారీదారుల వర్గంలోకి వస్తాయి. వాటికి రిజిస్ట్రేషన్ అవసరం. స్థానిక సంస్థ అనుమతిని కూడా ముందుగానే తీసుకోవాలి. ఈ వ్యాసంలోని సూచనలన్నీ ఈ పరిమితికి లోబడిన యూనిట్లకే వర్తిస్తాయి.

2. కోత, రక్తం కారడం: కోను, కత్తి

కోతకు 8 నుంచి 12 గంటల ముందు మేత ఆపి, నీరు మాత్రం ఇవ్వాలి. మేత సంచి, పేగులు ఖాళీగా ఉంటే తరువాతి దశలో మాంసం కలుషితమయ్యే ప్రమాదం తగ్గుతుంది. మేతను మరీ ఎక్కువసేపు ఆపితే పేగుల గోడలు పలచబడి సులభంగా తెగుతాయి. కనుక రాత్రంతా, మరుసటి పగలంతా పస్తు ఉంచడం సరికాదు.

కోడిని తలక్రిందులుగా ఉంచే రేకు కోను ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ గల పరికరం. రెక్కలు కొట్టుకోకుండా ఆపడం వల్ల రెక్క ఎముకలు విరగవు, మాంసంలో రక్తపు మరకలు ఏర్పడవు, కోడి పడే బాధ కూడా తగ్గుతుంది. కోను కొలతకు ఒకే పరీక్ష ఉంది: తల, మెడ పూర్తిగా కిందికి రావాలి, రెక్కలు శరీరానికి అదిమి ఉండాలి. పెద్ద కోనులో చిన్న పెట్ట వెనక్కి తిరుగుతుంది. చిన్న కోనులో అసీల్ పుంజు ఇరుక్కుంటుంది. మిశ్రమ మంద ఉన్నచోట రెండు కొలతల కోనులు ఉంచాలి. హలాల్ పద్ధతిలో కోసేవారికి కూడా కోను వాడకం అనువుగానే ఉంటుంది.

కోసిన తరువాత రెండు నుంచి మూడు నిమిషాలు రక్తం కారనివ్వాలి. శ్వాస పూర్తిగా ఆగిన తరువాతనే కోడిని వేడినీటిలో ముంచాలి. ఇది జంతు సంక్షేమానికి సంబంధించిన నియమం మాత్రమే కాదు. శ్వాస మిగిలి ఉంటే మురికి నీరు ఊపిరితిత్తులలోకి చేరుతుంది.

3. వేడినీటి పాత్ర: నాణ్యతకు కేంద్రం

ఈకలను చర్మంలో పట్టి ఉంచే కుదుళ్లు వేడికి సడలుతాయి. ఈ సడలింపుకు కావలసినది మరిగే నీరు కాదు, నిలకడగా ఉండే మితమైన వేడి. 50 నుంచి 53 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో రెండు మూడు నిమిషాలు ముంచితే చర్మం పై పొర, దాని పసుపు రంగు నిలుస్తాయి. అయితే ముదురు కోళ్ల ఈకలు పూర్తిగా వదలవు. 58 నుంచి 60 డిగ్రీల వద్ద ఒకటి నుంచి రెండు నిమిషాలు ముంచితే ఈకలు సులభంగా వస్తాయి. పై పొర మాత్రం కొంత ఊడుతుంది. ముదురు కోళ్లకు 60 డిగ్రీలకు కొద్దిగా పైన వేడి అవసరం కావచ్చు. ఇంతకు మించితే చర్మం ఉడికి, యంత్రంలో చిరుగుతుంది. ఆరిన తరువాత మచ్చలు పడుతుంది. సరైన వేడికి గుర్తుగా, తోక లేదా రెక్క పెద్ద ఈకను పట్టి లాగితే ప్రయత్నం లేకుండా రావాలి.

చేతితో నీటిని తాకి ఈ తేడాలను గుర్తించడం సాధ్యం కాదు. అందువల్ల మొత్తం యూనిట్‌లో మొదట కొనవలసిన పరికరం డిజిటల్ థర్మామీటరు. ఈకల యంత్రం ధరతో పోలిస్తే దాని ధర లెక్కలోకి రాదు.

పాత్ర పరిమాణం కూడా వేడి నిలకడను నిర్ణయిస్తుంది. 2 కిలోల కోడి శరీర వేడి సుమారు 41 డిగ్రీలు. అది 60 డిగ్రీల నీటిలో మునిగి పూర్తిగా నీటి వేడికి చేరుతుందని పై హద్దుగా లెక్కిస్తే, 15 లీటర్ల పాత్రలో ఒక్కో కోడికి నీటి వేడి సుమారు 1.8 డిగ్రీలు తగ్గుతుంది; 50 లీటర్ల పాత్రలో 0.6 డిగ్రీలు మాత్రమే. వాస్తవంలో కోడి అంతగా వేడెక్కదు. అయితే పాత్ర పైభాగం నుంచి ఆవిరి రూపంలోను, ఈకలతో బయటకు వచ్చే నీటి రూపంలోను మరికొంత వేడి పోతుంది. చిన్న పాత్రలో నాలుగైదు కోళ్లు ముంచేసరికి ఈకలు రావడం మానివేయడానికి, ఆపై మరిగిన నీరు ఒక్కసారిగా పోయడంతో తరువాతి కోడి చర్మం చిరగడానికి కారణం ఇదే. రోజుకు 10 కోళ్లకు మించితే 50 లీటర్ల పాత్ర అవసరమవుతుంది.

50 లీటర్ల నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు చేర్చడానికి సుమారు 2 యూనిట్ల విద్యుత్తు కావాలి. 3 కిలోవాట్ల హీటరుతో, నష్టాలు కలుపుకొని, ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. వంటగ్యాసుతో అయితే, పొయ్యి సామర్థ్యం సగం అనుకున్నప్పుడు, సుమారు 300 గ్రాముల గ్యాసు సరిపోతుంది. థర్మోస్టాట్ గల హీటరు వేడిని తనంతట తానే నిలుపుతుంది కనుక పనివారు తక్కువగా ఉన్నచోట అది మేలు.

పాత్రగా పురుగుమందు, రంగు లేదా రసాయనాల పాత డ్రమ్ములను ఎన్నడూ వాడరాదు. ఎంత కడిగినా వాటి అవశేషాలు పోయాయని నిర్ధారించడం రైతుకు సాధ్యం కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇంట్లో వాడే మందపాటి అల్యూమినియం పాత్ర సరిపోతుంది. నీరు మురికిగా మారిన వెంటనే మార్చాలి. ముంచిన ప్రతి కోడి నుంచి రెట్ట, మట్టి, సూక్ష్మజీవులు ఆ నీటిలో చేరుతూనే ఉంటాయి.

4. ఈకలు తీసే యంత్రం: కొనే ముందు ఒక లెక్క

డ్రమ్ము లోపలి గోడకు, కింద తిరిగే పళ్లేనికి రబ్బరు వేళ్లు అమర్చిన యంత్రం చిన్న యూనిట్లలో వాడుకలో ఉంది. కోడి డ్రమ్ములో దొర్లుతూ ఉండగా వేళ్లు ఈకలను రాపిడితో తీసివేస్తాయి. పైనుంచి పోసే నీరు వాటిని కిందికి కొట్టుకుపోతుంది. సరిగా ముంచిన కోళ్లకు అర నిమిషం చాలు.

ఈ వేగం నిజంగా ఎంత ఆదా చేస్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. 20 కోళ్లు, ఇద్దరు పనివారు. ఒక్కో కోడికి చేతితో ఈకలు పీకడానికి 10 నిమిషాలు, పేగులు తీసి కడగడానికి 6 నిమిషాలు పడుతుందనుకుంటే, ఈకలకు 200, పేగులకు 120, మొత్తం 320 పని నిమిషాలు అవుతాయి. యంత్రంతో, మిగిలిన చిన్న ఈకలు చేతితో తీయడం కూడా కలిపి, కోడికి 2 నిమిషాలు పడితే ఈకలకు 40 నిమిషాలే, మొత్తం 160. అంటే పని సగానికి తగ్గింది.

ఇక్కడి నుంచి లెక్క మారుతుంది. యంత్రం వచ్చిన తరువాత మొత్తం 160 నిమిషాలలో 120 నిమిషాలు పేగులు తీసే బల్ల వద్దే గడుస్తాయి. రెట్టింపు సామర్థ్యం గల యంత్రం కొని ఈకల సమయాన్ని 20 నిమిషాలకు తగ్గించినా, మొత్తం పని 140 నిమిషాలకే దిగుతుంది. రెండింతల యంత్రానికి ప్రతిఫలం ఎనిమిదవ వంతు ఆదా మాత్రమే. అంతేకాక, ఈకలు తీసిన కోళ్లు బల్ల ముందు కుప్పగా పేరుకొని, వేడి శరీరంతో, పేగులతో వేచి ఉంటాయి. సూక్ష్మజీవులు పెరగడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. కాబట్టి యంత్రం సామర్థ్యం బల్ల వేగాన్ని మించకూడదు. మించితే ఆ డబ్బును రెండవ బల్లపై, మరొక పనివారిపై వెచ్చించడం లాభసాటి.

పై ఉదాహరణలో యంత్రం ఒక పని రోజున 160 పని నిమిషాలు ఆదా చేస్తుంది. నెలకు ఒక్కసారి కోసే కుటుంబానికి ఇది ఏడాదికి 32 గంటలు; వారానికి ఒకసారి కోసే సంఘానికి సుమారు 139 గంటలు. స్థానిక కూలి రేటుతో గుణించి యంత్రం ధరతో పోల్చితే, కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా, సంఘంగా పంచుకోవాలా అన్నది తేలుతుంది. విస్తరణ సిబ్బంది ఉదాహరణలోని సమయాలకు బదులు ఆయా యూనిట్లలో గడియారంతో కొలిచిన సమయాలను వాడాలి.

కొనేటప్పుడు పరిశీలించవలసినవి: రబ్బరు వేళ్లు సులభంగా మార్చుకునే వీలు, అవి స్థానికంగా దొరకడం, పళ్లెం కింద చేతితో కడగగలిగే ఖాళీ, మోటారుపై నీరు పడని అమరిక. బిరుసైన వేళ్లు చిన్న పెట్టల చర్మాన్ని చీల్చి రెక్కలు విరుస్తాయి. మరీ మెత్తనివి అసీల్ ఈకలను వదిలివేస్తాయి. విక్రేత వద్ద బ్రాయిలర్‌తో కాక, కొనేవారు తాము పెంచే కోడితోనే యంత్రాన్ని పరీక్షించి చూడాలి.

తడి నేలపై, తడి చేతులతో నడిచే యంత్రం కనుక విద్యుత్ భద్రత విషయంలో రాజీ పనికిరాదు. ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా నిలిపివేసే స్విచ్చు తప్పనిసరి. 3 కిలోవాట్ల హీటరు, ఒక హార్స్ పవర్ మోటారు కలిసి నడిస్తే 18 ఆంపియర్ల వరకు విద్యుత్తు తీసుకుంటాయి. ఇళ్లలోని 16 ఆంపియర్ల సాకెట్టుకు ఇది మించిన భారం. విడి వైరింగు లేనిచోట నీటిని గ్యాసుతో వేడి చేయడమే సురక్షితం.

ఈకలు తీసిన తరువాత మిగిలే నూగును గ్యాసు మంటపై కాల్చవచ్చు. పాత టైర్లు, ప్లాస్టిక్, కిరోసిన్ మంటలు విషపదార్థాలను మాంసానికి అంటిస్తాయి; వాటిని వాడరాదు.

5. పేగులు తీసే బల్ల

ఈ దశలో పరికరాల కంటే చేతి నైపుణ్యం ముఖ్యం. మేత సంచి, పేగులు, పిత్తాశయం తెగకుండా బయటకు తీయాలి. తెగితే ఆ కోడిని వెంటనే వేరు చేసి, కలుషితమైన భాగాన్ని కోసి తొలగించాలి. కేవలం కడిగి మిగతావాటితో కలపరాదు.

బల్లకు స్టెయిన్‌లెస్ స్టీలు పైభాగం, ఒకవైపు వాలు, అంచున నీరు పారే గాడి ఉండాలి. చింత మొద్దుపై ముక్కలు కొట్టడం అలవాటుగా ఉన్నచోట, మొద్దు పగుళ్లలో నిలిచే రక్తాన్ని కడగడం సాధ్యం కాదని వివరించి, మందపాటి ఆహార శ్రేణి ప్లాస్టిక్ పలకను సూచించాలి. కత్తులకు చెక్క పిడులకు బదులు ప్లాస్టిక్ పిడులు మేలు. మెడ కోసిన కత్తి, పేగులు తీసే కత్తి, ముక్కలు చేసే కత్తి వేరువేరుగా ఉండాలి. పిడుల రంగులు వేరుగా ఉంటే మారిపోవు.

కోత, ఈకలు ఒకవైపు. బల్ల, చల్లబరచడం మరొకవైపు ఉండేలా స్థలాన్ని విభజించాలి. కోడి మురికి వైపు నుంచి శుభ్రమైన వైపుకే కదలాలి. కడగడానికి, శుభ్రతకు కలిపి కోడికి 15 నుంచి 20 లీటర్ల తాగునీరు సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.

6. చల్లబరచడం: తరచుగా మరచిపోయే దశ

కోసిన మాంసాన్ని 4 గంటలలోగా 4 డిగ్రీలకు చేర్చడం మంచి ప్రమాణం. ఇందుకు ఖరీదైన యంత్రం అక్కరలేదు. మూత గల ఇన్సులేటెడ్ పెట్టె, శుభ్రమైన మంచు చాలు. ఎంత మంచు కావాలన్నది లెక్క వేసుకోవచ్చు. శుభ్రపరచిన తరువాత 1.4 కిలోలున్న 10 కోళ్లను 38 నుంచి 4 డిగ్రీలకు దించడానికి సుమారు 4.5 కిలోల మంచు, వాటిని ముంచే 15 లీటర్ల నీటిని 28 నుంచి 4 డిగ్రీలకు దించడానికి మరో 4.3 కిలోలు కరగాలి. పెట్టె గోడల ద్వారా వచ్చే వేడిని కలుపుకొంటే 12 కిలోలు. వేసవిలో మాంసం బరువుకు సమానంగా మంచు ఉంచుకోవాలన్నది గుర్తుంచుకోదగిన సూత్రం.

ఇంటి ఫ్రిజ్ ఈ పనికి చాలదు. వెచ్చని కోళ్లను ఒకేసారి అందులో పెడితే అవి చల్లబడడానికి చాలా గంటలు పడుతుంది. అంతలో ఫ్రిజ్‌లోని ఇతర ఆహారం వేడెక్కుతుంది. మంచులో చల్లబరచిన తరువాతనే నిల్వకు ఫ్రిజ్ వాడాలి. పరిశ్రమల కోసం తయారైన మంచుదిమ్మ తాగునీటితో చేసినదో కాదో తెలియనప్పుడు, మాంసాన్ని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, సంచి చుట్టూ మంచు వేయాలి. ఇలా చేసినప్పుడు చల్లబడడానికి ఎక్కువ సమయం పడుతుంది.

7. శుభ్రత, వ్యర్థాలు, ఉమ్మడి యంత్రాలు

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకడం, కోత స్థలం కూడా వ్యాధి వ్యాప్తికి మార్గం కాగలదని మరోసారి గుర్తుచేసింది. జబ్బు పడిన, కారణం తెలియకుండా చనిపోతున్న మందలోని కోళ్లను కోయరాదు, పశువైద్యునికి తెలియజేయాలి. చేతి తొడుగులు, మాస్కు, ఏప్రాన్, రబ్బరు బూట్లు పరికరాల జాబితాలో భాగంగా ఉండాలి.

ఊరూరా తిరిగే ఉమ్మడి ఈకల యంత్రం ఒక పెరటి రోగాన్ని మరో పెరటికి మోయగలదు. ప్రతి వాడకం తరువాత ఈకలు, కొవ్వు పూర్తిగా తొలగించి, సబ్బు నీటితో రుద్ది కడిగి, ఆపై క్రిమిసంహారక ద్రావణం వాడాలి. 10 లీటర్ల నీటికి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 40 మిల్లీలీటర్లు కలిపితే 200 పి.పి.యం. గాఢత వస్తుంది. మురికి ఉండగా పోసిన క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది; అందుకే కడగడం ముందు, ద్రావణం తరువాత. యంత్రాన్ని కోళ్ల గూటికి దూరంగా ఉంచాలి.

రక్తం, ఈకలు, పేగులు కలిసి కోడి బరువులో గణనీయమైన భాగంగా ఉంటాయి. వీటిని కాలువలో వేయడం, కుక్కలకు వేయడం ప్రమాదకరం. వరిగడ్డి, రంపపు పొట్టు పొరల మధ్య వేసి మూసిన గుంతలో కంపోస్టు చేయవచ్చు. ఆ గుంత సిద్ధమైన తరువాతనే మొదటి కోడిని కోయాలి.

8. సిఫారసుల పట్టిక

| రోజుకు కోళ్లు | తప్పనిసరి పరికరాలు | తరువాత ఆలోచించదగినవి |
|---|---|---|
| 5 లోపు | థర్మామీటరు, ఒక కోను, మూడు కత్తులు, 20–30 లీటర్ల పాత్ర, మంచు పెట్టె | ఈకల యంత్రం అవసరం లేదు |
| 6–20 | పై వాటితో పాటు రెండు కొలతల కోనులు, 50 లీటర్ల పాత్ర, స్టీలు బల్ల, కంపోస్టు గుంత | అద్దె లేదా ఉమ్మడి యంత్రం |
| 21–50 | పై వాటితో పాటు థర్మోస్టాట్ గల పాత్ర, రెండవ బల్ల, విడి వైరింగు, పెద్ద మంచు పెట్టెలు | సొంత యంత్రం, డీప్ ఫ్రీజరు |

ముగింపు

చిన్న యూనిట్‌లో పరికరాల ఎంపికకు మార్గదర్శకం యంత్రం ప్రకటించే వేగం కాదు. పని క్రమంలో నిదానమైన దశ ఏదన్నది. పెరటి కోళ్ల కోతలో ఆ దశ చేతితో పేగులు తీసే బల్ల. మాంసం నిల్వను నిర్ణయించేది మంచు పెట్టె. చర్మం అందాన్ని నిర్ణయించేది థర్మామీటరు. ఈ మూడింటినీ అమర్చుకున్న తరువాత కొన్న ఈకల యంత్రం శ్రమను తగ్గిస్తుంది. వీటికి ముందు కొన్నది చెడిపోయే మాంసాన్ని వేగంగా తయారు చేస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తలు శిక్షణ కార్యక్రమాలలో యంత్ర ప్రదర్శనకు ముందు థర్మామీటరు వాడకాన్ని, మంచు లెక్కను నేర్పడం, ప్రతి యూనిట్‌లో దశలవారీ సమయాలను నమోదు చేయించడం వల్ల రైతు పెట్టుబడి సరైన చోట చేరుతుంది.